విమానం ఎక్కించాక మొదలయ్యే పని

గల్ఫ్‌కు మనుషుల్ని పంపే ఏజెన్సీ పెడతానని సలహాకు వచ్చినవాళ్ళ చేతిలో నేను ముందుగా ఒక పాత పాస్‌పోర్టు పెడతాను. పేజీలు తిప్పి అందులో ఇసిఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) ముద్ర ఎక్కడుందో చూపించమంటాను. కొందరికి దొరకదు. దొరికినవాళ్ళలోనూ చాలామంది దాని అర్థం చెప్పలేరు. సాధారణంగా పదో తరగతి పాసు కానివాళ్ళ పాస్‌పోర్టులో ఈ ముద్ర ఉంటుంది. సౌదీ, యుఎఇ, కువైట్, ఖతార్, ఒమన్, బహ్రెయిన్, మలేషియాలాంటి 18 దేశాలకు పనికి వెళ్ళాలంటే ఈ ముద్ర ఉన్నవాళ్ళు ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ దగ్గర ముందుగా అనుమతి తీసుకోవాలి. కాగితం చదివి బేరం ఆడలేని మనిషి పరాయి దేశంలో చిక్కుకుపోతాడన్న భయంతో ప్రభుత్వం పెట్టిన కాపలా ఇది. మీరు అడగబోయే లైసెన్సు కూడా ఆ కాపలాలో ఒక భాగమే. ఈ సంగతి మనసుకు పట్టినవాళ్ళకే ఈ అధ్యాయం ఉపయోగపడుతుంది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, నిర్మల్ పల్లెల్లోగాని, కడప, రాయచోటి, కోనసీమ వైపుగాని గల్ఫ్ గడప తొక్కని ఇళ్ళు తక్కువ. 'ఇంతమంది పోతున్నారు కదా, మనం పంపితే తప్పేంటి' అనుకునేవాళ్ళు అక్కడ ఊరికొకరు కనిపిస్తారు. పంపడం తప్పు కాదు. పంపి మరిచిపోవడం తప్పు.

ముందు చట్టం సంగతి చెప్పుకుందాం. 1922 నాటి పాత చట్టం స్థానంలో 1983లో ఎమిగ్రేషన్ చట్టం వచ్చింది. ఆ చట్టంలోని 10వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ లేకుండా ఎవరూ విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని కుదర్చకూడదు. వాడుకలో ఆ సర్టిఫికెట్‌ను ఆర్‌సి అంటాం. దీన్ని ఇచ్చే అధికారి విదేశాంగ శాఖలోని ప్రొటెక్టర్ జనరల్ ఆఫ్ ఎమిగ్రెంట్స్. ఈ ఆర్‌సి విషయంలో రెండు అపోహలు బాగా పాతుకుపోయాయి. కంపెనీ రిజిస్టర్ చేయించి జిఎస్‌టి నంబరు తీసుకుంటే చాలనుకోవడం మొదటిది. ఆ రెండూ మీరు వ్యాపారం చేస్తున్నారని మాత్రమే చెబుతాయి. మనిషిని విదేశానికి పనికి పంపే హక్కును అవి ఇవ్వవు. 'నేను పంపేది డిగ్రీ చదివినవాళ్ళను, అదీ యూరప్‌కు, నాకెందుకు ఆర్‌సి' అనుకోవడం రెండోది. చట్టంలో ఎమిగ్రెంట్ అంటే ఉద్యోగం కోసం దేశం దాటే ఏ భారత పౌరుడైనా సరే. ఇసిఆర్ అనుమతి కొందరికే అవసరం. కుదిర్చే ఏజెంటుకు ఆర్‌సి మాత్రం ఎవర్ని పంపినా అవసరమే. విద్యార్థుల కన్సల్టెన్సీ బోర్డు కింద పని వీసాల వ్యాపారం నడిపేవాళ్ళు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

దరఖాస్తు విదేశాంగ శాఖ నడిపే ఈ-మైగ్రేట్ పోర్టల్‌లోనే చేయాలి. ఫీజు ₹25,000. దరఖాస్తుదారుకు తగిన విద్యార్హత ఉండాలి. పోలీసు విచారణ జరుగుతుంది. ఆఫీసును అధికారులు వచ్చి చూసి వెళ్తారు. అన్నీ సరిపోయాక ₹50 లక్షల బ్యాంకు గ్యారంటీ అడుగుతారు. వంద మందికి మించి పంపని చిన్న ఏజెన్సీలకు ₹8 లక్షల గ్యారంటీతో వేరే దారి ఉంది. కొత్తవాళ్ళకు నా సలహా ఈ రెండో దారే. వంద మందిని సరిగ్గా పంపి, వాళ్ళు క్షేమంగా తిరిగొచ్చేదాకా చూసుకున్నవాడికి వెయ్యి మంది సంగతి దానంతటదే తెలుస్తుంది. ఆర్‌సి గడువు ఐదేళ్ళు. మరో ఊళ్ళో బ్రాంచి తెరవాలంటే దానికి విడిగా అనుమతి తీసుకోవాలి. ఈ చట్టాన్ని మార్చాలని చాలాకాలంగా ప్రయత్నాలు నడుస్తున్నాయి. 2021లో ఒక ముసాయిదా బిల్లు ప్రజల ముందుకు వచ్చింది కూడా. అందుకని దరఖాస్తు పెట్టే రోజున పోర్టల్‌లో నిబంధనలు మరోసారి చదవండి.

ఆ యాభై లక్షలు ఎందుకన్న ప్రశ్న దగ్గర కాస్త ఆగాలి. మీరు పంపిన మనిషి అక్కడ జీతం రాక, తిండి లేక రోడ్డున పడితే అతన్ని వెనక్కి తెచ్చే ఖర్చు ఆ డబ్బులోంచే తీస్తారు. అంటే ఆ డబ్బు మీ పేరున బ్యాంకులో ఉన్నా, దాని మీద మొదటి హక్కు ఎక్కడో దమ్మామ్‌లో లేబర్ క్యాంపులో పడుకున్న మనిషిది. దాన్ని పెట్టుబడి లెక్కలో రాసుకున్నవాళ్ళు త్వరలోనే తప్పుదారి పడతారు.

ఇక రాబడి చూద్దాం. పనివాడి దగ్గర సర్వీసు చార్జీ కింద ₹30,000 దాటి తీసుకోకూడదు. దాని మీద 18 శాతం జిఎస్‌టి కలిపితే ₹35,400 అవుతుంది. ఆ డబ్బు బ్యాంకు ద్వారా రావాలి, రసీదు ఇవ్వాలి. ఇప్పుడు మీ ఖర్చు లెక్క వేసుకోండి. ఆఫీసు అద్దె, ఇద్దరు ముగ్గురు ఉద్యోగులు, ప్రయాణాలు, గ్యారంటీ మీద బ్యాంకు కమీషన్ అన్నీ కలిపి నెలకు లక్షన్నర అనుకుందాం. అంటే నెలకు ఐదుగురిని పంపితే గాని ఆఫీసు తలుపు తెరిచి ఉండదు. మీ ఇంటి ఖర్చు ఆ తర్వాతే. మనుషుల్ని తెమ్మని అడిగిన విదేశీ కంపెనీ దగ్గర చార్జీ తీసుకోవడం ఒకటే దీనికి నిజాయితీ గల మందు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2016లో ప్రకటించిన న్యాయమైన నియామక సూత్రాల్లో, పనివాడి నుంచి ఏ రూపంలోనూ ఫీజు తీసుకోకూడదని స్పష్టంగా ఉంది. యుఎఇ కార్మిక చట్టం కూడా నియామక ఖర్చును పనివాడి నెత్తిన వేయకూడదంటుంది. కంపెనీతో మొదటి మాటలోనే 'చార్జీ మీరే ఇవ్వాలి' అని అడగండి. అలా అడిగితే కొన్ని కంపెనీలు తప్పుకుంటాయి. ఇస్తామన్న కంపెనీలు సాధారణంగా జీతాలు కూడా సరిగా ఇచ్చే కంపెనీలే. మనుషుల్ని తేవడానికి ఖర్చు పెట్టినవాడు ఆ మనుషుల్ని నిలబెట్టుకోవాలనుకుంటాడు.

ఈ లెక్క కుదరనివాళ్ళే చీకటి దారి తొక్కుతారు. ఊళ్ళో ఒక మనిషిని పెట్టుకుంటారు. అతనూ ఏజెంటే, కానీ బోర్డుండదు, ఆర్‌సి ఉండదు, రసీదు ఉండదు. అతను బంధువో, పక్క వీధివాడో, గల్ఫ్‌లో పదేళ్ళు ఉండి వచ్చినవాడో అయి ఉంటాడు. ఊరివాళ్ళు నమ్మేది మీ లైసెన్సును కాదు, అతని మొహాన్ని. అతను యాభై వేలు కలుపుతాడు, పైనున్న ఇంకొకడు ఇంకో యాభై కలుపుతాడు, చివరికి పోయేవాడి దగ్గర లక్షన్నర తేలుతుంది. అది చేబదులు డబ్బు కాదు, నూటికి మూడు వడ్డీ డబ్బు. నెలకు వడ్డీయే ₹4,500. పన్నెండు వందల దిర్హాముల జీతగాడైతే, దిర్హాము ₹23 లెక్కన, జీతంలో ఆరో వంతు అసలు తీరకుండానే వడ్డీకి పోతుంది. అలాంటి మనిషి అక్కడ ఎంత అన్యాయం జరిగినా నోరు తెరవడు, ఎందుకంటే వెనక్కొస్తే ఇంటి ముందు అప్పులవాళ్ళు ఉంటారు. మరీ భరించలేక కంపెనీ వదిలి పారిపోయినవాణ్ణే మనవాళ్ళు ఖల్లివెల్లి అయిండు అంటారు. ఆ మాట వెనక ఇకామా (నివాస అనుమతి) లేని బతుకు, ఔట్‌పాస్ (దేశం విడిచేందుకు ఇచ్చే తాత్కాలిక పత్రం) కోసం ఎంబసీ ముందు పడిగాపులు ఉంటాయి.

మన చట్టం ఈ సబ్‌ఏజెంట్లను గుర్తించదు. ఆర్‌సి లేకుండా మనుషుల్ని కుదర్చడం నేరం, దానికి రెండేళ్ళ దాకా జైలు శిక్ష ఉంది. అయినా వాళ్ళు లేకుండా పల్లె దాకా ఎలా చేరాలన్న ప్రశ్న నిజమైనదే. నాకు తెలిసిన దారి నిదానమైనది. మండల కేంద్రంలో నెలకో రోజు మీరే వెళ్ళి కూర్చోండి. మీ పేరు, ఆర్‌సి నంబరు, కంపెనీ పేరు, జీతం, మీ చార్జీ పెద్ద అక్షరాలతో తెలుగులో గోడ మీద అతికించండి. 'ఇంతకు మించి ఎవరికీ ఇవ్వకండి, ఇచ్చేది బ్యాంకులోనే ఇవ్వండి' అని దాని కిందే రాయండి. సంతకం రోజున మనిషిని ఒంటరిగా పిలవకండి. భార్యనో తల్లినో వెంట తెమ్మనండి. 'అమ్మా, ఇప్పటిదాకా ఎవరికన్నా ఏమన్నా ఇచ్చారా?' అని వాళ్ళను అడగండి. మగవాళ్ళు దాచే మాట వాళ్ళు చెబుతారు. 'పుస్తెలు బ్యాంకుల వెట్టి ముప్పై వేలు ఇచ్చినం సార్, మా అన్న బామ్మర్దికి' అని ఒక ఇల్లాలు చెబితే ఆ ఫైలు అక్కడే ఆపండి. ఆ డబ్బు వాళ్ళ చేతికి తిరిగొచ్చేదాకా కదిలించకండి. ఒక మంచి కుర్రాడి ఉద్యోగం నెల ఆలస్యమవుతుంది, నిజమే. కానీ ఆ బామ్మర్ది ఇంకోసారి మీ పేరు చెప్పి డబ్బు తీయడు.

ఇక డిమాండ్, అంటే మనుషులు కావాలని విదేశీ కంపెనీ అడగడం. విదేశీ కంపెనీ నుంచి డిమాండ్ లెటర్, మీ పేరున పవర్ ఆఫ్ అటార్నీ, పనివాడితో చేసుకోబోయే ఒప్పందం నమూనా వస్తాయి. ఈ-మైగ్రేట్‌లో ఆ యజమాని నమోదై ఉండాలి. ఇవన్నీ ఉండాల్సినవే, కానీ ఇంతటితో ఆగకండి. ఆ కంపెనీలో ఇప్పుడు పనిచేస్తున్న మనవాళ్ళు ముగ్గురి నంబర్లు సంపాదించండి. శుక్రవారం ఫోన్ చేయండి, ఆ రోజు మాట్లాడటానికి తీరిక ఉంటుంది. జీతం ఎంతని అడగకండి, పోయిన నెల జీతం ఏ తేదీన పడిందని అడగండి. గదిలో ఎంతమంది, పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంది, ఎండాకాలంలో మధ్యాహ్నం పని ఆపుతారా అని అడగండి. యుఎఇలో జూన్ నడిమి నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదు. ఆ నియమం పాటించని కంపెనీ ఒప్పందంలోని ఏ మాటా పాటించదు. ఇద్దరు తడబడితే, ఒకరు 'ఏం చెప్పాలన్నా' అని నిట్టూరిస్తే, ఆ డిమాండ్ ఎంత పెద్దదైనా వదిలేయండి. రెండు వందల మంది డిమాండ్ వదులుకోవడం కొత్త ఆఫీసుకు ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా వదిలేయండి.

ఒప్పందం చదివే పద్ధతి ఒకటి వివరంగా చెబుతాను, ఎందుకంటే కొత్త ఏజెంట్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. దుబాయ్ నుంచి రెండు కంపెనీలు సుతారి పనివాళ్ళను అడిగాయనుకోండి. రెండూ నెలకు 1,200 దిర్హాములే చెప్పాయి. ఊళ్ళో ప్రచారంలో రెండూ ఒకటే. కాగితం తీసి చూస్తే మొదటి కంపెనీది 1,200 మొత్తం మూల వేతనం. రెండో దానిలో మూల వేతనం 700, తిండికి 250, ఇతర అలవెన్సు 250. యుఎఇలో ఓవర్‌టైమ్‌కు మూల వేతనం మీద కనీసం పాతిక శాతం కలిపి ఇవ్వాలి. రోజుకు రెండు గంటల చొప్పున నెలకు 26 రోజులు ఓవర్‌టైమ్ చేస్తే మొదటివాడికి 325 దిర్హాములు వస్తాయి, రెండోవాడికి 190. నెలకు 135 తేడా. రెండేళ్ళకు అది 3,240. తిరిగొచ్చేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ ఏడాదికి 21 రోజుల మూల వేతనం. మొదటివాడికి రెండేళ్ళకు 1,680, రెండోవాడికి 980. అంతా కలిపితే దాదాపు 3,940 దిర్హాములు, అంటే మూడు నెలల జీతానికి పైమాటే. ఒకే ఎండలో ఒకే ఇటుక పెట్టిన ఇద్దరిలో ఒకడు ఇంత తక్కువతో ఇంటికొస్తాడు, ఎందుకు తగ్గిందో అతనికి ఎప్పటికీ తెలియదు. మీకు ముందే తెలుసు. ఈ లెక్కను బోర్డు మీద సుద్దముక్కతో వేసి చూపించండి. కంపెనీతో బేరమాడేటప్పుడు కూడా మొత్తం జీతం గురించి మాట్లాడకండి, మూల వేతనం గురించే మాట్లాడండి.

ఈ వృత్తిలోకి వచ్చిన కొత్తలో నేనొక పెద్ద ఆఫీసులో ఫైళ్ళు చూసేవాణ్ణి. వీసా స్టాంపింగ్ అయి వచ్చిన పాస్‌పోర్టులను పంచడం నా పని. అరబ్బీ అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. ఒకరోజు సుతారి పని మీద సౌదీ వెళ్ళాల్సిన మనిషి వీసా మీద వృత్తి దగ్గర 'ఆమిల్' అని ఉంది. ఆమిల్ అంటే కూలి. సుతారి అయితే 'బన్నా' అని ఉండాలి. మరునాడే ఫ్లైటు. పైవాళ్ళకు చెబితే 'అక్కడికి పోయాక సర్దుతారు, ఇవ్వు' అన్నారు. ఇచ్చేశాను. ఆ పాస్‌పోర్టును అతను రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకున్నాడు. ఏడాదిన్నర తర్వాత అదే పాస్‌పోర్టుతో ఆఫీసుకు వచ్చాడు. సిమెంటు బస్తాలు మోసి నడుము పోయింది, కూలి జీతమే ఇచ్చారు. నన్ను తిట్టలేదు. 'నీకు అరబ్బీ అస్తది గదా సార్. నువ్వు చూసినవు గదా' అన్నాడు. నేను జవాబు చెప్పలేకపోయాను, ఇప్పటికీ చెప్పలేను. అప్పటినుంచి నా చేతి మీదుగా పోయిన ప్రతి పాస్‌పోర్టు మీద వృత్తి పదాన్ని ఒప్పందంలోని పదంతో పక్కపక్కన పెట్టి చూస్తాను. కలవకపోతే ఫ్లైటు టికెట్ రద్దు ఖర్చు ఆఫీసు భరించాలి. మీ ఆఫీసులో ఈ పనికి ఒక మనిషిని కేటాయించండి. వీసా చదవగలిగే మనిషి కావాలి, 'ఆగండి' అనే అధికారం కూడా అతనికి ఇవ్వాలి. అధికారం లేకుండా చదవడం మాత్రమే వస్తే అతను కూడా నాలాగే అందించేస్తాడు.

ఇంటర్వ్యూ, ట్రేడ్ టెస్ట్, మెడికల్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. టెస్ట్ నిజంగా పెట్టండి. వెల్డింగ్ రానివాణ్ణి వెల్డర్‌గా పంపితే అక్కడ దెబ్బలు తినేది అతనే. మెడికల్‌లో అన్‌ఫిట్ వస్తే ఇంకో దారి వెతకకండి, మంచి డాక్టర్ దగ్గరికి పంపండి. విజిట్ వీసా మీద పంపి అక్కడ మారుస్తామనే కంపెనీని, ఆజాద్ వీసా (పేరుకే యజమాని ఉండే వీసా) అమ్ముతాననేవాణ్ణి గుమ్మం దగ్గరే ఆపండి. ఇసిఆర్ పాస్‌పోర్టు ఉన్న ఆడవాళ్ళను ఇంటి పనికి ఆ 18 దేశాలకు పంపే పని ప్రైవేటు ఏజెంటు చేయకూడదు. 2016 నుంచి ఆ నియామకాలు ప్రభుత్వ సంస్థల ద్వారానే జరగాలి, అదీ ముప్పై ఏళ్ళు నిండినవాళ్ళకే. కడప నుంచో గోదావరి జిల్లాల నుంచో కువైట్ వెళ్తానని ఒక తల్లి వస్తే ఆమెకు దారి చూపడం మాత్రం మీ పనే. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రలో ఓమ్‌క్యాప్ అనే ప్రభుత్వ సంస్థలు ఉన్నాయి. చిరునామా రాసిచ్చి పంపండి. మీరు కాదన్నాక ఆమె ఎదురుగా వచ్చే మొదటి దొంగ ఏజెంటు చేతిలో పడకూడదు.

బీమా సంగతి మాత్రం నిలబడి చెప్పండి. ప్రవాసీ భారతీయ బీమా యోజన ఇసిఆర్ పనివాళ్ళకు తప్పనిసరి. రెండేళ్ళకు ₹275, మూడేళ్ళకు ₹375 కడితే ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా ₹10 లక్షలు వస్తాయి. పాలసీ కట్టినట్టు చాలామంది ఇళ్ళల్లో తెలియదు. ఆ కాగితం ప్రతి ఒకటి మనిషికివ్వండి, ఇంకొకటి ఇంటికి పంపండి. నామినీకి ఫోన్ చేసి, ఇది ఫలానా కాగితం, బియ్యం డబ్బాలో కాకుండా రేషన్ కార్డుతో పాటు పెట్టమ్మా అని చెప్పండి.

బయలుదేరే ముందు రోజున అందరినీ కూర్చోబెట్టి ఒప్పందాన్ని మొదటి నుంచి చివరి దాకా తెలుగులో పైకి చదవండి. ఒక్కో వాక్యం చదివాక ఆగండి. నలభై మందిలో ఒక్కడు ప్రశ్న అడిగినా ఆ సాయంత్రం వృథా కానట్టే. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం ఫొటోలు వాళ్ళ ఫోన్లోనూ, ఇంట్లోవాళ్ళ ఫోన్లోనూ ఉండేలా చూడండి. ఎంబసీ నంబరు ఫోన్లో దాచడమే కాకుండా కాగితం మీద కూడా రాసివ్వండి. ఫోన్ పోవచ్చు, ఎవరైనా లాక్కోవచ్చు.

అసలు ఏజెన్సీ ఆ తర్వాతే మొదలవుతుంది. నా రిజిస్టరులో ప్రతి మనిషికీ ఒక పేజీ ఉంటుంది. చేరిన వారం, మొదటి జీతం, మూడో నెల, ఆరో నెల, ఏడాది అని గడులు గీసి పెడతాను. ఆ తేదీన ఫోన్ చేసి జవాబును వాళ్ళ మాటల్లోనే రాస్తాను. 'మంచిగనే ఉన్న' అని రాసిన గడి పక్కన 'గొంతు బాగా లేదు, వారంలో మళ్ళీ చెయ్యాలి' అని నా రాత కూడా ఉంటుంది. ఒక క్యాంపు నుంచి ముగ్గురు జీతం ఆలస్యమైందని చెబితే, నాలుగోవాడు చెప్పేదాకా ఆగకుండా కంపెనీకి రాతపూర్వకంగా అడుగుతాను. పది రోజుల్లో జవాబు లేకపోతే ఎంబసీకి రాస్తాను, ఆ కంపెనీ కొత్త డిమాండ్ ఆపేస్తాను. ఈ పనికి నెలకు ఒక ఉద్యోగి సగం జీతం ఖర్చవుతుంది. ఇది మీ లెక్కలో మొదటి రోజు నుంచే ఉండాలి.

పేజీ చివర 'ఇంటికి చేరిన తేదీ' అని ఒక గడి ఉంటుంది. మనిషి ఒప్పందం ముగించుకుని వచ్చాక ఆఫీసుకు రమ్మంటాను. గ్రాట్యుటీ కాగితం తెమ్మంటాను. సుద్దముక్కతో వేసిన లెక్క ప్రకారం వచ్చిందో లేదో ఇద్దరం కూర్చుని కలిపి చూస్తాం. తక్కువ వస్తే ఆ గడి ఖాళీగానే ఉంటుంది, ఫిర్యాదు రాయడం మొదలవుతుంది. సరిగ్గా వస్తే పెన్ను అతని చేతికిస్తాను, ఆ తేదీ అతనే రాస్తాడు.